గోడలో నల్లంచి

కోడుమూరు దాటి పడమటికి పోతే వచ్చే చేనేత పల్లెల్లో ఒకదాంట్లో చౌడమ్మ ఉండేది. ఆమె కోపం ఆ వీధికంతా తెలుసు. "చౌడమ్మ ఇంట్లో గంజికి పొయ్యి అక్కర్లేదు, ఆమె చూస్తే చాలు, పొంగుతుంది" అని మగ్గాల దగ్గర చెప్పుకొని నవ్వుకునేవాళ్ళు. ఆ కోపం ఆమెకు పుట్టుకతో వచ్చిందని అందరి నమ్మకం. అది అబద్ధం. కమలాపురంలో పుట్టింట ఉన్నన్నాళ్ళూ ఆమెది నవ్వే నోరు. ఆమె నవ్వితే పక్కింటి రాట్నం ఆగేదని వాళ్ళ నాయన చెప్పేవాడు. కోపం ఆమెకు అత్తగారింట్లో, కరువు ఏడు, ఒక గోడ ముందు కూర్చున్నప్పుడు వచ్చింది. వచ్చింది మళ్ళీ పోలేదు.

ఆమెను తిమ్మయ్యకిచ్చి చేసేనాటికి ఇంకా పైట నిలవని పిల్ల. తిమ్మయ్య మెత్తని మనిషి. అతను మగ్గంలో నాడె విసిరితే పోగు తెగదు, నోరు తెరిస్తే ఒకరి మనసు నొవ్వదు అని పేరు. తండ్రి పోయినప్పటినుంచి తల్లి భీమక్క గీసిన గీత దాటలేదు. పెళ్ళయి పదేళ్ళు దాటిపోయినా ఆ ఇంట్లో ఉయ్యాల కట్టలేదు. భీమక్క కొన్నాళ్ళు దేవుళ్ళను తిట్టుకుంది. దేవుళ్ళు పలకరు కనుక, చివరికి పలికే కోడలి మీదికి వచ్చింది.

ఇల్లు చిన్న మిద్దె. నల్ల నాపరాళ్ళు పేర్చి, సందుల్లో మట్టి పెట్టి లేపిన గోడలు. ఇంటి వెనక గోడకు ఆనుకొనే లోపల మగ్గం గుంత, నేసేవాళ్ళు కాళ్ళు దించి కూర్చునే గొయ్యి. బయటివైపు మట్టి ఏనాడో కొట్టుకుపోయి, రాళ్ళ మధ్య చెయ్యి పట్టే బొక్కలు పడ్డాయి. కట్టిన పెద్దాయన పోయాక ఆ గోడను పట్టించుకున్న నాథుడు లేడు.

అది వానలు వరసగా మొహం చాటేసిన కాలం. బావుల్లో బురద కూడా ఎండిపోయింది. ఊరి బయట సర్కారువాళ్ళు గంజి కేంద్రం పెట్టారు. నేసిన చీరలు కొనేవాళ్ళు లేక దూలాల మీద మూటలై కూర్చున్నాయి. కడుపు నిండా తిన్న రోజుల్లో మనుషులు దేన్నయినా క్షమిస్తారు. కడుపు మాడినప్పుడు తప్పు ఎవరిదో తేల్చాలని కూర్చుంటారు.

చైత్రమాసంలో ఒక మధ్యాహ్నం సుడిగాలి లేచింది. తిమ్మయ్య గుంతలో కూర్చొని నేస్తున్నాడు. చౌడమ్మ పక్కన నూలు కండెలు చుడుతోంది. అతని తలకు పైన గోడలో ఉన్న నెర్రెలోంచి ఏదో తెల్లగా, పలచగా, ఉల్లిపొరలా తేలుతూ వచ్చి మగ్గం మీది పడుగు పోగుల మీద పడింది. జానెడు పొడవు. దాని మీద గళ్ళు గళ్ళుగా పొలుసుల అచ్చు. పాము విడిచిన కుబుసం ముక్క.

భీమక్క చేటను నేలకేసి కొట్టింది.

"మళ్ళా పడిందా! పోయినేడు పడింది, అంతకు ముందేడు పడింది. నేనేమో గాలికొచ్చిందిలే అనుకుంటి. ఒరే తిమ్మా, లేయ్ రా గుంతలోంచి! నెత్తిమీదనే కాపురం పెట్టుకొనుండాది!"

తిమ్మయ్య లేచాడు. ముక్కను తీసి చేతిలో తిప్పి చూశాడు.

సాయంత్రానికి పుల్లన్న వచ్చాడు. ఊరవతల నాగుల రాళ్ళ దగ్గర కూర్చొని విభూతి పెట్టే ముసలాయన. ఎవరింట్లో ఏం జరిగినా కారణం చెప్పేది అతనే. కుబుసం ముక్కను పసుపు గుడ్డలో పెట్టించి, చాలాసేపు కళ్ళు మూసుకొని, తర్వాత చౌడమ్మ వైపు చూశాడు.

"ఈ పాప పుట్టింట్లో ఉన్నప్పుడు నాగును కొట్టిండాది. కడుపుతో ఉన్న నాగును. అది ఎంటబడి వచ్చింది. గోడలో కూర్చొనుండాది. అది ఈడ ఉన్నంత కాలం ఈమె కడుపు పండదు."

"నేనెప్పుడు కొట్టినా తాతా? ఎవరు చూసినారు?" అంది చౌడమ్మ.

"నీకు గుర్తుండదులేమ్మా. పాముకు గుర్తుంటాది."

పుల్లన్న చెప్పుకుంటూ పోయాడు. శ్రావణంలో నాగులకు పాలు పోసేదాకా ఆమె మగ్గం ముట్టకూడదు, నూలు ముట్టకూడదు, పొయ్యి దగ్గరికి పోకూడదు. పంచలో పడుకోవాలి. అప్పటికీ గోడలోది పోకపోతే గోడ పగలగొట్టి పట్టాలి. భీమక్క అన్నిటికీ తలూపి, చివర్లో తన మాట ఒకటి కలిపింది.

"కోసిగిలో మా తమ్ముని కూతురుండాది. వయసొచ్చిన పిల్ల. శ్రావణం దాకా చూస్తాం, తర్వాత నేను ఊరుకోను."

చౌడమ్మ మొగుడి వైపు చూసింది. ఒక్క మాట అంటాడేమోనని చూసింది. అతను నాడెకు అంటిన దుమ్మును వేలితో తుడుస్తున్నాడు. ఎంతసేపు తుడిచినా ఆ దుమ్ము పోవడంలేదు.

ఆ క్షణంలోనే ఆమె ఒంట్లో ఏదో రాజుకుంది. ఏడుపు వస్తుందనుకుంది. రాలేదు. చాప చుట్టి చంకలో పెట్టుకొని పంచలోకి పోతూ గడప మీద నిలబడి, "శ్రావణం దాకా ఎందుకు? గోడలో పాముంటే నేనే పట్టి నీ కాళ్ళ దగ్గరేస్తా అత్తా. ల్యాకపోతే మీ అందరి సంగతి అడుగుతా" అంది.

మర్నాటినుంచి ఆమె ఒక కట్టె పట్టుకొని వెనక గోడకు ఎదురుగా కూర్చుంది. చెయ్యడానికి పనేమీ లేదు, పని అంతా మానిపించారు కదా. ఎండ నెత్తిమీదికొస్తే కొంగు కప్పుకునేది. గోడలో ఉన్న ప్రతి బొక్కనూ చూపుతో తవ్వేది. దారినపోయేవాళ్ళు నిలబడి చూసి నవ్వుకొని పోయేవాళ్ళు. నవ్విన ప్రతి మొహాన్నీ ఆమె గుర్తు పెట్టుకుంది.

పాము రాలేదు. వచ్చిపోయేవి తొండలు, చీమలు, పిట్టలు.

పక్కింటి హుసేనమ్మ దూదేకులావిడ. దూది ఏకి పరుపులు కుట్టేది. మొగుడు లేడు, ఎవరికీ భయపడదు. భీమక్క వద్దన్నా చౌడమ్మ దగ్గరికి వచ్చి కూర్చునేది. నాలుగు రోజులు చూసి ఆమె అంది, "ఏమ్మే, పాము కోసం చూస్తాండావు గానీ, ఆ పిట్టను చూసినావా? మా అబ్బ చెప్తాండె, నల్లంచి పాము పొర ఎత్తకపోయి గూట్లో పెట్టుకుంటాదని."

"ఏ నల్లంచి?"

"అదో, కంప మీద కూర్చొనుండాదే, అది."

దొడ్డికి అడ్డంగా వేసిన ముళ్ళకంప చివర కూర్చొని ఉంది ఆ పిట్ట. పిడికెడు కూడా ఉండదు. కాటుకలో ముంచి తీసినట్టు నలుపు. రెక్కల మీద తెల్ల చార. ఉన్నట్టుండి నేలమీదికి దూకి, ఒక పురుగును ముక్కున కరుచుకొని మళ్ళీ అదే కొమ్మ చివరికి ఎగిరి కూర్చునేది. ఎగిరినప్పుడు తోక మొదట్లో తెల్లగా మెరిసేది. చౌడమ్మ దాని వెంట పడింది. అది ఎటు పోతే అటు చూసింది. రెండు రోజులు కనిపెట్టి చూస్తే అది ఎండిన బావి దరికి పోవడం, మట్టి దరిలో ఒక బొక్కలోకి దూరడం కనిపించింది. అది ఇంటి గోడ దగ్గరికి రానేలేదు. బావి దరిలో బోర్లా పడుకొని చేత్తో తడిమితే గూడు తగిలింది. ఎండు గడ్డి, మేక వెంట్రుకలు. కుబుసం లేదు.

ఆమె మోకాళ్ళు దోక్కుపోయి, ఒళ్ళంతా మట్టితో తిరిగి వచ్చింది. హుసేనమ్మ మీద విరుచుకుపడింది.

"నీ నల్లంచికి మా గోడతో పనే ల్యాదు! రెండు దినాలు నన్ను కుక్కలాగా తిప్పిస్తివి గదమ్మా!"

హుసేనమ్మ నొచ్చుకోలేదు. "నల్లగా ఉన్నవన్నీ ఒకటే అనుకుంటి బిడ్డా. మళ్ళా చూడు" అంది.

మళ్ళీ చూస్తే అప్పుడు తెలిసింది. నల్లవి రెండు రకాలు. ఊళ్ళో అందరూ రెండింటినీ నల్లంచి అనే అంటారు, ఎవరూ నిలబడి చూడలేదు. కంప మీదిది కొమ్మ చివరి నుంచి దూకే పిట్ట, తోకను మామూలుగానే పట్టుకుంటుంది. రెండోది గోడ పిట్ట. అది నేలమీద పరిగెత్తుతుంది, ఆగుతుంది, రాళ్ళ మధ్య చెదలనూ చీమలనూ ఏరుకుంటుంది. దాని తోక ఎప్పుడూ నిక్కబొడుచుకొని వీపు మీదికి వాలి ఉంటుంది. తోక లేపినప్పుడు దాని కింద ఇటుకరాయి ఎరుపు కనబడుతుంది. కూర్చున్నప్పుడు ఒళ్ళంతా నలుపే అనిపిస్తుంది గానీ, రెక్క విప్పితే భుజం మీద దాచుకున్న తెల్ల మచ్చ బయటపడుతుంది. కంపదానికి తోక మొదట్లో తెలుపు, దీనికి తోక కింద ఎరుపు. ఒకసారి పట్టుకుంటే మళ్ళీ పొరబడే పనే లేదు.

దీని జంట నల్లది కాదు, మట్టి రంగుది. మట్టి గోడ మీద వాలితే కంటికి ఆనదు. అందుకే ఇన్నాళ్ళూ ఆమె దాన్ని చూడలేకపోయింది. కానీ దానికీ తోక కింద అదే ఎరుపు. మగది మిద్దె అంచున కూర్చొని తోక ఆడిస్తూ సన్నగా, ఆగి ఆగి పాడేది. ఇంకో మగది దొడ్డిలోకి వస్తే రొమ్ము ఉబ్బించుకొని మీదికి దూకి తరిమేది. గూటి పని మాత్రం ఆడదే. నూలు పీచు, మేక వెంట్రుక, ఎండు వేరు, ఒక్కొక్కటే నోట కరుచుకొని వచ్చి, అటూ ఇటూ చూసి, గబుక్కున మగ్గానికి సరిగ్గా పైన ఉన్న బొక్కలోకి దూరేది.

"పాటలు ఆయనవి, మోత ఈమెది" అని చౌడమ్మ పళ్ళు నూరింది. పిట్ట మీద కూడా ఆమెకు కోపం వచ్చింది.

ఒక పొద్దున ఆడపిట్ట పొలం గట్టు మీది రాళ్ళకుప్ప వైపు నుంచి వచ్చింది. నోట్లో ఏదో పొడుగ్గా వేలాడుతూ, గాలికి రెపరెపలాడుతూ, ఎండలో మెరిసింది. దాని బరువుకు కాదు గానీ, గాలికి పిట్ట పక్కకు పక్కకు పోతూ ఎగిరింది. గోడ మీద వాలి ఒక క్షణం నిలబడింది. చౌడమ్మకు పొలుసుల గళ్ళు కూడా కనిపించాయి. పిట్ట బొక్కలోకి దూరింది. పొడుగాటి ఆ పొర దాని వెనకే పాము లోపలికి పోయినట్టు మెల్లగా గోడలోకి పోయింది.

చౌడమ్మ కట్టె అక్కడే పారేసి ఇంట్లోకి పరిగెత్తింది. మగ్గం ముట్టకూడదన్నది మరిచిపోయి గుంత అంచుకు పోయి నిలబడింది. భీమక్క గంజి కేంద్రానికి పోయి ఉంది. ఇంట్లో తిమ్మయ్య ఒక్కడే.

"లేయ్. లేసి రా. నా కండ్లతో చూసినా. పిట్ట తెస్తాండాది. తోక కింద ఎర్రగా ఉండే నల్లంచి. లోపల్నుంచి గాలికి ఆ నెర్రెలో పడతాండాది. పామూ ల్యాదు, గీమూ ల్యాదు. రా, నీవూ చూడు."

తిమ్మయ్య లేవలేదు. నాడె చేతిలోనే ఉంది.

"నాకు తెలుసు" అన్నాడు.

ఆమెకు మొదట అర్థం కాలేదు. "ఏం తెలుసు?"

"నల్లంచి అని తెలుసు. నా నెత్తిమీదనే గదా గూడు. పోయినేడు గుడ్డు పెట్టినప్పుడు చూసినా. నూలు ముక్కలు గోడ మీద పెడతాంటి, తీసకపోతాండె." ఆ మాట చెప్పేటప్పుడు అతని పెదవుల మీద ఒక చిన్న నవ్వు లాంటిది కూడా వచ్చింది. పిట్ట మీది ముచ్చట అది. ఆ నవ్వును చౌడమ్మ చచ్చేదాకా మరువలేదు.

"పోయినేడు తెలుసా? ఆ ముసలాయన నా మొహాన పాపం పూసినప్పుడు నీకు తెలుసా? నేను పంచలో పడుకుంటాండేటప్పుడు తెలుసా?"

అతను నాడెను పడుగు మీద పెట్టాడు.

"ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే అమ్మ నమ్మాల్ల గదా."

"అది కాదు. నిజం చెప్పు. ఎందుకు చెప్పలేదు?"

తిమ్మయ్య పడుగు పోగుల మధ్యకు చూస్తూ, పోగులతో చెబుతున్నట్టు మెల్లగా అన్నాడు. "పాము కాదంటే, మరి దేనికి పుట్టల్యాదు అని అడుగుతారు గదా. నీలో ల్యాకపోతే నాలో అంటారు. వీధిలో ఎట్ల తిరగాల నేను?"

చౌడమ్మ చేతికి అందింది కండెల బుట్ట. ఎత్తి విసిరింది. కండెలు ఇల్లంతా దొర్లాయి, నూలు విప్పుకుంటూ గుంతలోకి, పొయ్యిలోకి, గడప అవతలికి. అతను చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు గానీ లేవలేదు. అతను లేచి ఒక దెబ్బ కొట్టినా ఆమె ఓర్చుకునేదేమో. ఆ వంగిన తలను మాత్రం ఓర్చుకోలేకపోయింది. పదేళ్ళుగా మెత్తని మనిషి, మంచి మనిషి అనుకున్నది దేన్ని? తన వీపు వెనక దాక్కున్న మనిషిని.

"నీ నోటితోనే చెప్పాల మీ అమ్మకు. నేను చెప్పను. నీవు చెప్పేదాకా ఈ ఇంట్లో ఎవరితోనూ మాట్లాడను" అని బయటికి పోయింది.

కానీ ఊరుకోలేక ఆ సాయంత్రమే భీమక్కకు తనే చెప్పింది. భీమక్క గంజి చెంబు దించి, కోడలిని ఎగాదిగా చూసింది. "పాము పేరెత్తితే పారిపోయే పిట్ట పాము పొర తెస్తాదా? అబద్ధమాడినా అతికినట్టుండాల" అంది. తిమ్మయ్య అక్కడే ఉన్నాడు. గంజి తాగుతున్నాడు. తాగి చెంబు కడిగి బోర్లించి పోయాడు.

చౌడమ్మ మళ్ళీ గోడ ముందుకు పోయి కూర్చుంది. ఇప్పుడు పాము కోసం కాదు. ఎందుకో ఆమెకే తెలియదు. ఇంట్లో మనుషుల మొహాలు చూడటం కంటే అది నయమనిపించింది. ఆడపిట్ట బయటికి రావడం తగ్గింది, గుడ్ల మీద కూర్చుంది. పొద్దు చల్లబడ్డాక ఒక్కసారి వచ్చి గబగబా నాలుగు పురుగులు ఏరుకొని మళ్ళీ దూరేది. తర్వాత ఒక రోజు నుంచి రెండు పిట్టలూ పురుగులు మోయడం మొదలుపెట్టాయి. సాలీళ్ళు, మిడతలు, చెదలు. మగది కూడా మోసింది. చౌడమ్మ అది చూసి, "పోనీ, నీవైనా నయం" అంది, పైకే.

గూట్లో పిల్లలు లేచాక ఇంట్లోపల కొత్త గొడవ లేచింది. తల్లి బొక్క దగ్గర వాలగానే పిల్లలు సన్నగా బుసకొట్టినట్టు అరుస్తాయి. ఆ చప్పుడు నెర్రెలోంచి ఇంట్లోకి వినబడింది. ఒక పొద్దున భీమక్క పసుపు ముద్దలు చేస్తూ ఆ బుస విని, వీధిలోకి పడి అరిచింది. శ్రావణం దాకా ఆగే ఓపిక ఆమెకు లేకపోయింది. పొద్దెక్కేసరికి పుల్లన్న, అతని వెంట గడ్డపార పట్టుకొని సుంకప్ప అనే రాళ్ళు కొట్టే మనిషి, వాళ్ళ వెనక సగం వీధి దొడ్డిలో చేరారు.

సుంకప్ప గడ్డపార ఎత్తబోతే చౌడమ్మ పోయి బొక్కకు వీపు ఆనించి నిలబడింది.

"పక్కకు జరుగమ్మా, మీద పడుతుంది" అన్నాడు సుంకప్ప.

"పడనీ."

"చూసినారా, పాముకు కాపలా కాస్తాండాది!" అన్నాడు పుల్లన్న. "నేను చెప్పింది ఇదే గదా. అది ఈమెను పట్టిండాది."

చౌడమ్మ అతని వైపు చూడనేలేదు. గుంపు వెనకాల, తలుపు పక్కన నిలబడి ఉన్న మొగుడిని చూసింది. ఆమె గొంతు వీధి చివరికి వినిపించింది. ఒకప్పుడు నవ్వు వినిపించేదట, ఇప్పుడు ఇది.

"గోడలో ఏముందో ఈ ఊర్లో అందరికంటే ముందు తెలిసినోడు ఆడ నిలబడుండాడు. అడగండి! పాముండాదా, పిట్టుండాదా, చెప్పమనండి! చెప్పకపోతే గడ్డపార నా మీదనే ఎయ్యండి, నేను జరగను."

అందరూ వెనక్కి తిరిగారు. తిమ్మయ్యకు పారిపోవడానికి దారి లేదు, గడప మీద తల్లి ఉంది.

"పిట్టనే" అన్నాడు. ఎవరికీ వినబడలేదు. "ఏమప్పా, గట్టిగా చెప్పు" అన్నాడు సుంకప్ప.

"నల్లంచి పిట్ట. గూడు పెట్టుకుంది. పొర అదే తెస్తాది. నేను చూసినా. శానా నాళ్ళ నుంచి చూస్తాండా."

పుల్లన్న తడుముకోలేదు. "నాగమ్మ పంపితే పిట్ట తెస్తాండాది. పిట్టకు అంత తెలివి యాడిది?" అన్నాడు. గుంపులో కొందరు అవునన్నట్టు తలలూపారు కూడా. అక్కడితో ఆగి ఉంటే ఆ రోజు గోడ కూలిపోయేదే. కానీ భీమక్క గడప దిగి వచ్చింది. కోడలిని భుజం పట్టి పక్కకు నెట్టింది. ముడుతలు పడిన చేతిని బొక్కలోకి, మోచేతి దాకా పోనిచ్చింది. జనం నోళ్ళు తెరుచుకొని చూస్తున్నారు. నిజంగా పామే ఉంటే ఆ ముసలమ్మ చచ్చిపోయేది. అది ఆమెకూ తెలుసు.

చెయ్యి లోపల ఉండగానే ఆమె మొహం మారింది. వేళ్ళకు వెచ్చగా, ఈకలు రాని చిన్న ఒళ్ళు తగిలాయి. చెయ్యి తగలగానే తల్లి వచ్చిందనుకొని అవి మళ్ళీ బుసబుసమని అరిచాయి. ఇన్నాళ్ళూ విని వణికిన బుస అదే. ఆమె చెయ్యి తీసేసరికి వేలికి ఒక కుబుసం పీచు, దానికి అంటుకొని తమ మగ్గం మీది ఎర్ర నూలు ముక్క వచ్చాయి.

భీమక్క కొడుకు దగ్గరికి నడిచి పోయింది. అందరి ముందూ చెంప పగలగొట్టింది.

"చూసినానంటాండావే! చూసి నోరు మూసుకొనుంటివా? నా చేత దాన్ని అన్ని మాటలు అనిపిస్తివే! నేను రోజూ దాన్ని గొడ్రాలు, పాపిష్టిది అంటాంటే గంజి తాగుతా కూర్చుంటివే! నా నోరు నీ కంటికి ఎంగిలాకులాగా కనపడిందా రా?"

తర్వాత పుల్లన్న వైపు తిరిగింది. "నీవు పో సామీ. ఈడ నీకు పని ల్యాదు" అంది. పుల్లన్న ఏదో గొణిగాడు. సుంకప్ప గడ్డపార భుజాన వేసుకొని, నవ్వు ఆపుకుంటూ ముందు నడిచాడు. జనం మెల్లగా విడిపోయారు. కాసేపటికి మగపిట్ట మిద్దె అంచున వాలి, నోట్లో మిడతతో, దారి ఖాళీ అయిందా అని చూసుకుంది.

ఇక్కడితో అంతా సర్దుకుందని చెప్పడానికి లేదు. భీమక్క ఆ సాయంత్రం కోడలి చాపను తనే లోపలికి తెచ్చి వేసింది. తప్పయిందని నోరు తెరిచి అనలేదు గానీ, కోసిగి సంబంధం మాట మళ్ళీ ఎత్తలేదు. ఎవరైనా పిల్లల సంగతి తీస్తే, "లోపం నా కోడల్లో ల్యాదు" అని తనే ముందు అనేది. ఆ మాటతో కొడుకు పరువు పోతుందని తెలిసే అనేది. చౌడమ్మకు మాత్రం అత్త మీద మనసు కరగలేదు. "ఆమె కక్కిన మాటలు ఆమెనే మింగుతాండాది. దానికి నేను దండం పెట్టాల్నా?" అని హుసేనమ్మతో అంది.

మొగుడితో ఆమె ఆ వేసవంతా మాట్లాడలేదు. గూట్లో పిల్లలకు రెక్కలొచ్చి ఎగిరిపోయిన వారానికి, ఒక పొద్దున అతను లేచేసరికి ఆమె మగ్గం గుంతలో కూర్చొని ఉంది. చిన్నప్పుడు నాయన పక్కన కూర్చొని నేర్చుకున్న నేత అది. ఇన్నేళ్ళు ఆ ఇంట్లో ఆడవాళ్ళ పని కండెలు చుట్టడమే అన్నందుకు మరుగున పడింది. మొదటి చీర వంకరటింకరగా వచ్చింది. రెండోది కూడా. తిమ్మయ్య గుంత పక్కన నిలబడి చూశాడు, లెమ్మనడానికి ధైర్యం చాలలేదు. చివరికి రాట్నం ముందు కూర్చొని కండెలు చుట్టడం మొదలుపెట్టాడు. వీధిలో మగవాళ్ళు తలుపు సందులోంచి చూసి వెక్కిరించారు. ఏ వెక్కిరింతకు భయపడి అతను నిజం దాచాడో అది ఇంకో దారిన ఇంటికే వచ్చింది. చౌడమ్మకు జాలి కలగలేదు. కలగనందుకు బాధా కలగలేదు.

ఆ ఏడే కర్నూలు కొత్త ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. ఊరంతా డేరాలు లేచాయని, పెద్దాసుపత్రికి కొత్త డాక్టర్లు వచ్చారని కబురొచ్చింది. అప్పుడు ఆమె మొగుడితో మొదటిసారి నోరు విప్పింది.

"కర్నూలు పోదాం. ఇద్దరం చూపిచ్చుకుందాం. నాలో ఉంటే నాలో, నీలో ఉంటే నీలో. ఏదో ఒకటి తెలిసిపోనీ."

తిమ్మయ్య సరేనన్నాడు. తెల్ల పంచ కట్టుకున్నాడు. కోడుమూరు దాకా నడిచారు. బస్సు వచ్చింది. ఆమె ఎక్కి కూర్చొని పక్కన చోటు ఉంచింది. కిటికీలోంచి చూస్తే అతను కిందనే నిలబడి ఉన్నాడు. బస్సు కదిలింది. అతను చెయ్యి ఎత్తలేదు, పిలవలేదు, వెనక్కి తిరిగి ఊరి దారి పట్టాడు.

ఆమె ఒంటరిగానే పోయి వచ్చింది. డాక్టరమ్మ ఏమి చెప్పిందో ఎవరికీ చెప్పలేదు. మొగుడూ అడగలేదు. పిల్లలు పుట్టలేదు. రెండోసారి రమ్మని ఆమె పిలవలేదు.

ఆ తర్వాత ఆ ఇద్దరూ చాలా ఏళ్ళు ఒకే కప్పు కింద బతికారు. ఆమె నేసేది, అతను చుట్టేవాడు. భీమక్క మంచాన పడితే ఎత్తిందీ దించిందీ చౌడమ్మే, తిట్టుకుంటూనే. వెనక గోడకు మట్టి మెత్తించమని ఎవరెన్ని చెప్పినా ఆమె ఒప్పుకోలేదు. ప్రతి ఏడూ ఆ బొక్కలో నల్లంచి గూడు పెట్టేది. ఏ కోడలు కడుపు పండలేదని ఏ ఇంట్లోనైనా గొడవ జరిగితే, పిలవకపోయినా పోయి, "మీ వాడిని ముందు చూపించుకోమను" అని గుమ్మంలోనే చెప్పి వచ్చేది. అందుకే వీధికి ఆమె అంటే భయం. కోపిష్టిది అన్న పేరు అలా స్థిరపడింది.

హుసేనమ్మ ముసలితనంలో, కళ్ళు సరిగా కనిపించని రోజుల్లో, ఒకసారి ఆమెను అడిగింది. "ఇన్నేండ్లయిపాయ గదమ్మే, ఇప్పుడన్నా ఆయన మీద కోపం పోయిందా?"

చౌడమ్మ జొన్నరొట్టె తట్టుతోంది. చేతులు ఆపలేదు.

"పోయేదానికి అదేమన్నా జొరమా? రెండు పూటలా అన్నం పెడతాండా. అదే శానా ఎక్కువ" అంది.